ఊపిరి పీల్చే కోటు

హుస్సేనీ ఆలంలో పాలు పోసే ఎల్లేష్ సైకిల్‌కు బెల్లు లేదు. వెనక క్యారియర్‌కు అటొకటి ఇటొకటి వేలాడే క్యాన్ల మూతలే ప్రతి గతుకు దగ్గరా మోగుతాయి. ఆ మోత విని మొఘల్‌పురా దాకా జనం గిన్నెలు పట్టుకొని గుమ్మాల్లోకి వస్తారు. ఎల్లేష్ తాత ఇట్లాగే పోశాడు, తండ్రి వైకుంఠం ఇట్లాగే పోశాడు. మూడు తరాలుగా ఆ ఇంటివాళ్లను జనం అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: "ఇయాల నీళ్లెన్ని కలిపినవ్?" అడిగినవాళ్లెవరూ జవాబు కోసం ఆగరు. పాలు పోయించుకునేటప్పుడు ఆ మాట అనకపోతే మర్యాద తప్పినట్టు.

మోటారు బండి కొనుక్కొమ్మని చెప్పేవాళ్లకు కొదవ లేదు. అట్లా చెప్పినవాళ్లలో ఒక్కరు కూడా రెండు నిండు క్యాన్లతో ఆ గల్లీల మలుపులు తిరిగి చూపించలేదు. కొన్నిచోట్ల సైకిలే మలుపు తిరగదు. దిగి, వెనక చక్రాన్ని ఈడ్చి పక్కకు పెట్టుకోవాలి. సలహా ఇచ్చేవాడికి మాత్రం ఏ మలుపూ అడ్డు రాదు కనుక వాళ్లు చెప్తూనే ఉన్నారు, ఎల్లేష్ తొక్కుతూనే ఉన్నాడు. ఎండతో అతనికి పేచీ లేదు. చలికి మఫ్లర్ ఉంది. చిక్కల్లా వానతోనే.

పోయినేడు ఫుట్‌పాత్ మీద అమ్మే ప్లాస్టిక్ కోటు వేసుకొని తిరిగాడు. ఆ కోటు గురించి చెడ్డగా చెప్పడానికి ఏమీ లేదు. ఒక్క చుక్కను లోపలికి రానివ్వలేదు. ఒక్క చుక్కను బయటికీ పోనివ్వలేదు. సగం దారికల్లా ఎల్లేష్ అందులో కుడుములా ఉడికేవాడు. గుమ్మం గుమ్మం దగ్గరా గుండీలు విప్పి గాలి పోసుకునేవాడు. ఆ చల్లగాలి తడి వీపుకు తగిలి, వానకాలం నడుమ ఛాతీలో నెమ్ము చేరి, మంచం పట్టాడు. లేచి తిరిగేసరికి సగం గుమ్మాలు ప్యాకెట్ పాలకు అలవాటు పడ్డాయి. నీళ్లెన్ని కలిపినవని ప్యాకెట్‌ను అడిగే వీలు లేక, ఆ లోటు భరించలేక, కొంతమంది మళ్లీ ఎల్లేష్ దగ్గరికే వచ్చారు. మిగతావాళ్లు రాలేదు.

ఈ ఏడు మొదటి మబ్బు కనబడగానే అతని భార్య సావిత్రి కొట్టంలో బర్రెలకు గడ్డి వేస్తూ మాట తేల్చేసింది.

"గీ వానకాలం గూడ మంచం పడితివా, సైకిల్ అమ్ముడే. బర్రెల్ని మా పెద్దనాయినోళ్లకు తోలుడే. నువ్వు మా మురళి చెప్పిన నౌకరికి పోవుడే. గంతే."

"నేనేమన్న కావాల్నని పడ్డనా?"

"కావాల్నని పడ్డవో ఊకెనే పడ్డవో, కషాయం కాసింది నేను."

మురళి ఆమె తమ్ముడు. ఊరికి ఆ కొసన ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ల మీద సూపర్‌వైజరు. ఆ నౌకరి గురించి అతను చెప్తుంటే వినేవాళ్లకు అదేదో పెన్షన్ లాగా వినిపించేది. కుర్చీ ఉంటుంది, కుర్చీ మీద ఫ్యాను ఉంటుంది, గేటు ముందు కారు ఆగినప్పుడు లేచి గేటు తీయాలి, కారు పోయాక కూర్చోవాలి. ఎల్లేష్‌కు తలుచుకుంటేనే మోకాళ్లు పట్టేసేవి. పొద్దున లేచి ఎవరికీ ఏమీ పోయకుండా, ఎవరితోనూ ఒక మాట పడకుండా, రోజంతా ఒక గేటు వైపు చూస్తూ కూర్చోవాలి. మనిషికి అంతకంటే పెద్ద జబ్బు ఏముంటుందో సావిత్రికి ఎట్లా చెప్పాలో అతనికి తెలియలేదు. చెప్తే కషాయం మాట మళ్లీ వస్తుంది.

"మంచి కోటు కొనుక్కో. కని రెండు వేలు దాటొద్దు," అంది సావిత్రి. మంచిదీ రెండు వేలు దాటనిదీ అన్న రెండు మాటలను ఒకే ఊపిరిలో అనగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

కోటు సంగతి తెలియగానే మురళి ఆదివారం బస్సెక్కి వచ్చాడు. అతని అపార్ట్‌మెంట్లో సార్లు కొందరు ఆదివారాలు సైకిళ్లు తొక్కుతారు. వాళ్లు టీ తాగేటప్పుడు ఆ సైకిళ్లు పట్టుకొని నిలబడి నిలబడి మురళికి సైకిల్ విద్య వచ్చేసింది.

"బావా, నువ్వు వాటర్‌ప్రూఫ్ ఒక్కటే సూస్తున్నవ్. బ్రీతబుల్ గూడ ఉండాలె. బట్ట ఊపిరి పీల్చాలె."

"బట్టనా?"

"ఔ మరి. దాంట్ల సూదిమొన కన్న సన్నటి బొక్కలుంటయి. వాన సుక్క పెద్దగుంటది, లోపలికి రాదు. చెమట ఆవిరి సన్నగుంటది, బయటికి పోతది."

"ఎవరొస్తున్నరో ఎవరు పోతున్నరో ఆ బొక్కలకెట్ల ఎరుక? ఆడ గూడ నీ అసుంటి వాచ్‌మన్ కూసుంటడా?"

"సైన్స్ బావా."

సైన్స్ అన్నాక ఇంక మాట్లాడేదేముంది. మురళి వెంట ఎల్లేష్ ఒక పెద్ద ఆటసామాన్ల దుకాణానికి పోయాడు. అక్కడ ఏసీలో వేలాడుతున్న కోటు ఒకటి వేసుకున్నాడు. అబద్ధం చెప్పకూడదు, మురళి చెప్పిందంతా నిజమే. బట్ట లేగదూడ చెవిలా మెత్తగా ఉంది. వేసుకొని చేతులు ఆడించినా ఒళ్లు ఉక్కపోయలేదు. చీటీ తిప్పి ధర చూశాడు. ఆ డబ్బుకు పడ్డ వస్తుంది. పడ్డ పెరిగి బర్రె అవుతుంది, ఈనుతుంది, పాలిస్తుంది. కోటు పెరిగి ఏమవుతుంది? పాత కోటు అవుతుంది.

"పడ్డ గూడ ఊపిరి పీలుస్తది మురళీ," అని చెప్పి కోటు విప్పి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చాక తల్లి ఆగమ్మ తన వంతు తీసుకుంది. "మీ బాపు కోట్లు గీట్లు ఎరుగునా? గొంగడి కప్పుకొని పోయె, గొంగడి కప్పుకొని వచ్చె. ఒక్క తుమ్ము తుమ్మలే." చచ్చిపోయినవాళ్లు తుమ్మినట్టు ఎవరికీ గుర్తుండదు. అయినా తల్లి మాట కాదనలేక ఎల్లేష్ మరునాడు చినుకుల్లో గొంగడి కప్పుకొని బయలుదేరాడు. గొంగడి మంచిదే, గొర్ల వెంట నిలబడేవాడికి. సైకిల్ తొక్కేవాడికి దాని కొస గొలుసులో పడుతుంది. మొఘల్‌పురా చేరేసరికి అది వానంతా తాగి మూడో క్యాను అంత బరువైంది. రైల్వేలో పనిచేసే సామ్యూల్ సార్ గిన్నె పట్టుకొని గుమ్మంలోకి వచ్చి, ముక్కు ఎగబీల్చి, "ఏం ఎల్లేష్, ఇయాల గొర్రెపాలు గిట్ల తెచ్చినవా?" అని అడిగాడు.

దాంతో ఎల్లేష్ ఎవరి మాటా వినకూడదని నిశ్చయించుకొని ఒక్కడే పత్తర్‌గట్టీకి పోయాడు. మనిషి ఎవరి మాటా విననప్పుడు చేసే తప్పులు అతని సొంతమవుతాయి, అదొక లాభం.

రెయిన్‌కోట్లు వేలాడదీసిన దుకాణంలో భాయ్ రెండు కోట్లు తీసి ముందేశాడు. ఒకటి బూడిదరంగుది, పలుచన, చేతిలో పట్టుకుంటే బరువే లేదు. ఇంకొకటి నీలంది, లోపల రబ్బరు పూతతో మందంగా ఉంది, దానికి తోడు ప్యాంటు కూడా. రెండూ ఎల్లేష్‌కు పెట్టిన హద్దు లోపలే ఉన్నాయి.

"రెండూ ఊపిరి పీలుస్తయా భాయ్?" అని ఎల్లేష్ అడిగాడు.

"సాస్ క్యా భాయ్, నీంద్ మే ఖర్రాటే భీ లేతే," అన్నాడు దుకాణం భాయ్. ఊపిరేమిటి, నిద్రలో గురక కూడా పెడతాయట.

ఎల్లేష్ మాటలు నమ్మే మనిషి కాదు. వాళ్ల ఇంట్లో కొత్త క్యాను కొంటే దాన్ని నీళ్లతో నింపి కొట్టం దూలానికి వేలాడదీస్తారు. కింద పిడకల బూడిద పొడిగా చల్లుతారు. అమ్మినవాడు ఎన్ని ఒట్లు పెట్టినా సరే, చుక్క పడితే బూడిద చెప్తుంది. తాతల నాటి పరీక్ష, ఒక్కసారీ తప్పలేదు.

"జర ఒక మగ్గు నీళ్లియ్యి భాయ్. ఒక సుతిలి గూడ," అన్నాడు.

బూడిదరంగు కోటు చెయ్యిని కొస దగ్గర సుతిలితో బిగించి కట్టి, అందులో నీళ్లు పోసి, కొక్కేనికి వేలాడదీసి, కింద పేపరు పరిచాడు. దుకాణం భాయ్ కొంచెంసేపు నోరు తెరిచి చూశాడు.

"భాయ్, యే దుకాన్ హై, తబేలా నై."

ఇది దుకాణం, బర్రెల కొట్టం కాదని అన్నాడే గాని ఆపలేదు. అతనికీ చూడాలనే ఉంది. అతని సరుకును ఇంత శ్రద్ధగా ఎవరూ పరీక్షించి ఉండరు. పక్క దుకాణాలవాళ్లు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. టీలు వచ్చాయి. టీలు అయ్యేసరికి బూడిదరంగు చెయ్యి కింద చెమ్మ పట్టి, ఒక చుక్క పేపరు మీద పడింది. చూసినవాళ్లంతా తల అడ్డంగా ఊపారు. తరవాత నీలం కోటు వంతు. దాని చెయ్యి నీళ్లతో పొదుగులా ఉబ్బింది. పేపరు పొడిగా ఉండిపోయింది. చూసినవాళ్లంతా తల నిలువుగా ఊపారు.

"వో గ్రే వాలా లేలో భాయ్," అన్నాడు దుకాణం భాయ్. "హల్కా హై. సైకిల్ పే అచ్ఛా రహతా."

తేలికగా ఉంటుంది, సైకిల్ మీద హాయి అని చెప్పి కారిన కోటును అంటగట్టాలని చూస్తున్నాడని ఎల్లేష్ లోపల నవ్వుకున్నాడు. పాలవాణ్ని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు. నీలం కోటు కొని, సంచీలో పెట్టుకొని, చార్మినార్ వైపు నుంచి వచ్చే జనంలో గెలిచినవాడిలా నడిచి ఇంటికొచ్చాడు.

వాన కూడా అతని కోసం ఎదురుచూస్తున్నట్టు మర్నాడే దంచింది. ఎల్లేష్ రౌండు పూర్తిచేసి, కొట్టంలోకి వచ్చి, కోటు విప్పాడు. లోపలి బనియన్‌ను సావిత్రి తీసుకొని పిండింది. పాలు వడపోసిన గుడ్డ పిండినట్టు ధార కారింది.

"కారిందా కోటు?"

"కారలే. నేను పరీక్ష చేసిన."

"మరి గీ నీళ్లు ఏడికెళ్లి వచ్చినయ్?"

మూడు తరాలుగా ఊరంతా ఆ ఇంటిని అడుగుతున్న ప్రశ్న అది. వాళ్లలో వాళ్లు అడుక్కోవాల్సి రావడం మాత్రం అదే మొదలు. కుట్టు దగ్గర కారిందని ఆగమ్మ అంది. మెడ దగ్గర దిగిందని సావిత్రి అంది. ఎల్లేష్ పౌరుషం కొద్దీ కోటు మొత్తాన్ని, రెండు చేతులూ మెడా కట్టి, బొత్తాలు బిగించి, తలకిందులుగా బొర్లించి, నీళ్లు నింపి దూలానికి వేలాడదీశాడు. తల లేని మనిషి ఒకడు నిండుకడుపుతో వేలాడుతున్నట్టుంది. దాన్ని చూసి బర్రె ఒకటి బెదిరి గుంజ పీకబోయింది. బొత్తాల సందులో కొంచెం చెమర్చడం తప్ప, వీపు వైపు బూడిద మీద ఒక్క చుక్క పడలేదు.

"నాలికె మీద పెట్టి సూడు," అంది ఆగమ్మ, బనియన్ వైపు చెయ్యి చూపిస్తూ.

ఎల్లేష్ పిండిన నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పగున్నదా?"

"ఉన్నది."

సావిత్రి బనియన్‌ను తాడు మీద ఆరేసింది. "మంచిగున్నది. రెండు వేలు పెట్టి నీ చెమట నువ్వే మోసుకొచ్చినవ్. బయట పారబోసినా పోయేది."

సంగతి మొఘల్‌పురాకు ఎట్లా చేరిందో గాని, చేరింది. "పాలల్ల కలిపేది సాలక కోట్ల గూడ కలుపుతున్నవట గదా," అన్నాడు సామ్యూల్ సార్. ఎల్లేష్ నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు అతనికి నచ్చలేదు. పోయినేడు కూడా ఇట్లాగే, నవ్వు నడుమ వచ్చింది.

తరవాత నుంచి అతను దగ్గాలనిపించినప్పుడల్లా క్యాన్ల మూతలు తీసి పెట్టేవాడు. మోతలో దగ్గు కలిసిపోతుందని అతని లెక్క. మూతలు ఎందుకన్నిసార్లు తీస్తున్నాడో సావిత్రి అడగలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది. సాయంత్రం మురళి ఎల్లేష్‌కు చేశాడు.

"బావా, జర నడుం కొలత పంపు. యూనిఫాం కుట్టిస్త. ఫికర్ చెయ్యకు, నెల అయినంక అలవాటైతది."

కోటు వాపసు ఇద్దామంటే, నిండా నీళ్లు నింపి దూలానికి వేలాడదీసిన సరుకును ఏ మొహంతో పట్టుకుపోవాలి? ఆ బూడిదరంగుదైనా తీసుకోమన్నప్పుడు తీసుకోలేదు. ఎల్లేష్ కొట్టంలో పీట వేసుకొని నీలం కోటును ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు, చచ్చిన దూడను పెట్టుకున్నట్టు.

వంటింట్లో సావిత్రి గొంతు వినబడింది. "అత్తమ్మా, వేడిపాల మీద మూత బిగియ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలె? మూతకు చెమట పట్టి పాలల్ల పడ్తది, ఇరుగుతయి. ఓరగ పెట్టాలె."

"బల్లి పడ్తదని పెట్టిన."

"ఓరగ పెడితే బల్లేం పడది."

ఎల్లేష్ లేచి గుమ్మం దగ్గరికి వచ్చి చూశాడు. సావిత్రి చేతిలో మూత ఉంది. దాని అడుగున పట్టిన నీళ్లు చుక్కలు చుక్కలుగా జారి ఆమె మోచేతి దాకా కారుతున్నాయి. నడక వచ్చిన నాటి నుంచి వేడిపాల మీద మూత ఓరగా పెడుతున్న మనిషి అతను. నిద్రలో చెప్పినా పెడతాడు. కోటు దగ్గరికి వచ్చేసరికి క్యాను కొన్నట్టు కొన్నాడు, అందులో పోసేది వేడిపాలని మరిచిపోయాడు. దానికి పత్తర్‌గట్టీలో నలుగురు సాక్షులు కూడా.

"కత్తెర ఏడున్నది?" అని అడిగాడు.

ఏం చేయబోతున్నాడో తెలిశాక ఆగమ్మ గోడకు చేరగిలబడి తల పట్టుకుంది. "కొత్త కోటు కోస్తరా ఎవరన్న? వానలకు కొని, దానికే బొక్క పెడ్తరా?" సావిత్రి కత్తెర తెచ్చి ఇచ్చింది. నడుం కొలత పంపమన్న మాట ఇంకా ఖాయంగానే ఉంది. ఇంక ఒక వారం ఆగినా ఆమెకు పోయేదేమీ లేదు.

ఎల్లేష్ కోటును పీట మీద పరిచి, వీపు మీద రెండు రెక్కల నడుమ బొగ్గుతో అడ్డంగా గీత గీశాడు. గీత వెంట కోశాడు. కోటుతో వచ్చిన ప్యాంటు అతనికి పనికిరాదు, కాళ్లు గొలుసులో పడతాయి. దాని కాలొకటి కోసి, వెడల్పు గుడ్డగా విప్పి, కోసిన చోటికి పైన చూరులాగా దించాడు. ఇంటి పెంకులు ఒకదాని మీద ఒకటి ఎట్లా పడుకుంటాయో అట్లా. కుడితే సూది బొక్కల నుంచి నీళ్లు దిగుతాయి కనుక కుట్టలేదు. పంక్చర్లు వేసుకునే సామాను ఇంట్లో ఉంది. ఎవరూ నేర్పని పని అది, ట్యూబులు పాడుచేసి నేర్చుకున్నాడు. రబ్బరు పూతను గరుకు కాగితంతో రుద్ది, రెండు వైపులా సొల్యూషన్ పూసి, ఊరుకున్నాడు. పూయగానే అతికించేవాడి అతుకు నిలవదు. వేలు పెడితే అంటుకోనంత ఆరాలి, అప్పుడు ఒత్తాలి. ఆ ఆరేంత సేపు నోరు మూసుకొని కూర్చోగలవాడే పంక్చరు వేయగలడు. అతుకు మీద పాత ట్యూబు పట్టీ ఒకటి వేసి, రోకలితో ఒత్తాడు. చంకల్లో కూడా అరచెయ్యి పట్టేంత కోశాడు. హ్యాండిలు పట్టుకున్నప్పుడు చంకలు నేలవైపే చూస్తాయి, అక్కడికి వాన రావాలంటే కిందనుంచి పైకి కురవాలి.

మొదటిరోజు అది పనిచేయలేదు. పైన దించిన గుడ్డ తడిసి వీపుకు అతుక్కుపోయింది. కోసిన సందు మూసుకుపోయి, కోటు మళ్లీ క్యాను అయింది. బనియన్ మళ్లీ పిండారు. "ఉప్పు సూడాల్నా?" అని ఆగమ్మ అడిగింది. ఎల్లేష్ లారీ ట్యూబు ముక్కలు వెతికి, బొత్తాలంత కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, గుడ్డకూ వీపుకూ నడుమ వరసగా నిలబెట్టాడు. ఇప్పుడు ఆ గుడ్డ వీపు మీద వాలదు, వేలు దూరేంత ఎడంగా నిలబడుతుంది. గాలికి లేవకుండా కింది అంచుకు ట్యూబు పట్టీ బరువుగా వేశాడు. వేసుకొని చూస్తే వీపు మీద ఒక చిన్న చూరు మొలిచినట్టుంది. అద్దంలో అతనికి కనబడలేదు గనుక బతికిపోయాడు. గల్లీలో జనానికి మాత్రం కనబడింది.

"ఏమయ్యా, ఇల్లు కట్టుకొని తిరుగుతున్నవా వీపు మీద?"

"కిరాయికిస్తవా?"

ఎల్లేష్ అందరికీ పాలు పోశాడు. జవాబులు పోయలేదు.

అప్పుడు ముసురు పట్టింది. తెరిపి లేదు. ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా ఊరంతా ఒకటే బూడిదరంగు. గల్లీల్లో నీళ్లు సైకిల్ ఇరుసు దాకా వచ్చాయి. ప్యాకెట్ల ఆటో రోడ్డు మీదే ఆగిపోయి, అక్కడి నుంచి హారన్ కొట్టింది. హారన్‌తో టీ కాదు కనుక, ప్యాకెట్లకు అలవాటు పడ్డ గుమ్మాల్లో కూడా గిన్నెలు కనబడ్డాయి. ఎల్లేష్ ఎప్పుడూ పోయించుకునేవాళ్లకు ముందు పోసి, మిగిలింది వాళ్లకు పోశాడు. నీళ్లెన్ని కలిపినవని వాళ్లు ఎంతో ఆప్యాయంగా అడిగారు. ఆదరాబాదరా తొక్కడం కూడా మానేశాడు. వాన నుంచి పారిపోవాలని తొక్కినకొద్దీ చెమట ఎక్కువ పోస్తుంది, వాన మాత్రం తగ్గదు.

రోజూ అతను కొట్టంలోకి రాగానే సావిత్రి ఎదురొచ్చేది. బర్రెకు జ్వరమొచ్చిందేమోనని చూడాలంటే చెవి పట్టుకొని చూస్తారు. ఆమె ఎల్లేష్ చెవి పట్టుకొని చూసేది. తరవాత మెడ వెనక నుంచి బనియన్ లోపలికి చెయ్యి పెట్టి, వీపంతా తడిమేది.

"పచ్చిగున్నది."

"పచ్చిగనే ఉంటది. తడిలేదు."

"పచ్చికీ తడికీ ఫరకేంది?"

"పచ్చికి పిండితే నీళ్లు రావు."

ఆమె బనియన్ విప్పించి పిండి చూసింది. రాలేదు. మర్నాడు మళ్లీ పిండింది. ఒక భుజం దగ్గర అతుకు లేచి వాన దిగితే, నాలుక మీద పెట్టి, "ఇది సప్పగున్నది, వాననే," అని తేల్చింది. ఎల్లేష్ అతుకు మళ్లీ రుద్ది వేశాడు. ముసురు నడుస్తుండగానే దగ్గు పలచబడింది. మూతలు తీసి పెట్టడం కూడా తగ్గింది. అతను మంచం ఎక్కలేదు. మంచం మీద ఆగమ్మ ఆరేసిన పిడకల సంచులున్నాయి గనుక ఎక్కడానికి చోటు కూడా లేదు.

ముసురు విడిచిన పొద్దున మురళి ఫోన్ చేశాడు. ఎల్లేష్ క్యాన్లు తోముతున్నాడు. సావిత్రే ఎత్తింది.

"నడుం కొలత గిట్ల ఏం లేదు తమ్మీ. ఆ కుర్చీల ఇంకెవర్నన్న కూసోబెట్టు. ఏం కాలే, మంచిగున్నడు. కోటు కోసుకున్నడు. ఔ, కత్తెర పెట్టి. ఏం సైన్స్ రా, మూత ఓరగ పెట్టిండు, గంతే."

"గదే అక్కా నేను మొదలు చెప్పింది. వెంటిలేషన్," అన్నాడు మురళి, గల్లీ దాకా వినబడేటట్టు.

నిజమే, చెప్పాడు. చెప్పడంలో మురళిని తప్పు పట్టడానికి ఎప్పుడూ ఏమీ ఉండదు.

ఎల్లేష్ క్యాను బోర్లించి చేతులు తుడుచుకున్నాడు. కుర్చీ పోయిందని ఎగిరి గంతేయాలనిపించింది. మోకాళ్లు ఒప్పుకోలేదు. సావిత్రి లోపలికి పోయి ఒక సంచీతో వచ్చింది. పత్తర్‌గట్టీ దుకాణం సంచీ. అందులోంచి మడత విప్పని నీలం కోటు తీసి అతని ముందు పీట మీద పెట్టింది. దాని పక్కన కత్తెర పెట్టింది.

"ఎవరిది?"

"ఎవరిదో ఎందుకైతది? నాది."

ఎల్లేష్ కోటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. అతను గల్లీల్లో తిరిగే రెండు గంటలూ కొట్టం ఊడ్చేది, పేడ ఎత్తేది, వానలో గడ్డి మోపులు మోసేది ఆమె. నెత్తి మీద చీల్చిన యూరియా సంచీ వేసుకొని. అతని చెవి పట్టుకొని జ్వరం చూసిన ప్రతిరోజూ ఆ సంచీ కొసల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఊపిరి పీల్చే కోట్ల గురించి ఇంట్లో అంత లొల్లి జరిగిందా, ఆమెకు కోటు ఏదని మురళి అడగలేదు, ఆగమ్మ అడగలేదు. అతను కూడా అడగలేదు.

"దుకాణం భాయ్ ఏమన్నడు?"

"నీళ్లు పోసి సూస్తవా అని బకెట్ తెచ్చిండు. వద్దన్న. మా ఆయన కోస్తడన్న."

"ఒక్కసారి వేసుకొని సూపియ్యి. సరిపోయిందో లేదో."

"నువ్వు కోసినంక సూపిస్త."

ఎల్లేష్ ఆమెను అటు తిరగమని, వీపు మీద జానతో కొలిచాడు. తనకంటే ఇరుకు వీపు, గడ్డిమోపు తాడు ఒరుసుకొని భుజం ఒకపక్క కిందికి వంగి ఉంది. గీత ఎక్కడ పడాలో రెండుసార్లు కొలిచాడు. మూడోసారి కొలిచాడు. సొంత కోటును ఆలోచించకుండా కోసిన చెయ్యి ఈ కోటు మీద బొగ్గు పట్టుకొని నిలబడిపోయింది.

"బర్రెలు మేతకు చూస్తున్నయ్," అంది సావిత్రి, అటు తిరిగే ఉండి. "నీ కొలతలు అయిపోతే కొయ్యి."

ఎల్లేష్ గీత గీశాడు. భుజం వంగిన పక్క ఒక వేలు ఎక్కువ వదిలాడు. కత్తెర తీసుకొని కోశాడు.